ముందు స్పీకరు, ఆ తరువాతే యాంప్లిఫయరు



మన కడియం నర్సరీలకు మొక్కలు కొనడానికి వచ్చేవారిని గమనించండి. తెలిసినవారు ముందు మొక్కను చూస్తారు. దానికి ఎండ కావాలా, నీడ కావాలా, వేరు ఎంత లోతుకు పోతుంది అని అడుగుతారు. కుండీ సంగతి ఆ తరువాతే. తెలియనివారు ముందు అందమైన కుండీ కొని, అందులో ఇమడని మొక్కను తెచ్చి పెడతారు. కొన్నాళ్ళకు మొక్కా పోతుంది, కుండీకి పెట్టిన డబ్బూ పోతుంది.

ఇంట్లో పాటలు వినే స్టీరియో సెట్టు విషయంలోనూ ఇదే జరుగుతుంది. చాలామంది ముందు యాంప్లిఫయరు కొంటారు. దాని మీద రాసిన వాట్లు చూసి మురిసిపోతారు. దానికి తగిలించే స్పీకర్లు ఏవో, వాటికి ఏం కావాలో తరువాత ఆలోచిస్తారు.

గోదావరి జిల్లాల నుండి కువైట్, దుబాయ్, మస్కట్ వంటి చోట్లకు పనికి వెళ్ళినవారు 1980లలో, 1990లలో ఇంటికి వస్తూ జపాన్ కంపెనీల స్టీరియో సెట్లు తెచ్చేవారు. తరువాత క్యాసెట్ల కాలం పోయింది. సెట్టు పాడై మూలపడింది. దానితో వచ్చిన రెండు స్పీకరు బాక్సులు మాత్రం ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో అటక మీద దుమ్ము పట్టి ఉన్నాయి. వీటికి ఒక సెకండ్ హ్యాండ్ యాంప్లిఫయరు తగిలిస్తే మళ్ళీ పాట వస్తుందా? వస్తుంది. అయితే ఏ యాంప్లిఫయరు?

ఈ ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గాని, కూలి డబ్బులతో నడిచే ఇంటికి చిన్నది కాదు. సెకండ్ హ్యాండ్ సామానుకు చాలాసార్లు బిల్లు ఉండదు, గ్యారంటీ ఉండదు. ఇంటికి తెచ్చాక పనిచేయకపోతే డబ్బు తిరిగి రాదు. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. తప్పు యాంప్లిఫయరు తగిలిస్తే మంచి స్పీకర్లు కూడా కాలిపోతాయి. అలాంటివి మళ్ళీ దొరకవు.

మంచి విషయం ఏమిటంటే ఈ ఎంపికకు ఇంజనీరు కానక్కరలేదు. బడిలో భౌతికశాస్త్రంలో మీరు చదువుకునే ఓమ్ నియమం, విద్యుత్ సామర్థ్యం లెక్క, శక్తి నిత్యత్వ నియమం, ఈ మూడు చాలు.

ఎవరి పని ఏమిటి?

స్టీరియో సెట్టులో నాలుగు భాగాలు ఉంటాయి. మొదటిది పాటను ఇచ్చే పరికరం: రికార్డు ప్లేయరు, క్యాసెట్ డెక్కు, సీడీ ప్లేయరు, లేదా ఈనాటి మొబైల్ ఫోను. రెండవది ప్రీ యాంప్లిఫయరు. మూడవది పవర్ యాంప్లిఫయరు. నాలుగవది స్పీకరు.

వీటి సంబంధం అర్థం కావాలంటే ధవళేశ్వరం ఆనకట్టను తలచుకోండి. 1847లో మొదలై 1852లో పూర్తయిన సర్ ఆర్థర్ కాటన్ ఆనకట్ట వల్లనే మన డెల్టాకు కాలువల నీళ్ళు వచ్చాయి. కాలువ తలుపు దగ్గర ఒక మనిషి చక్రం తిప్పుతాడు. అతని చేతి బలం కొంచెమే. కాని ఆ చేయి కదిలినట్టల్లా కాలువలోకి వెళ్ళే నీరు పెరుగుతుంది, తగ్గుతుంది. ఆ నీరు అతని చేతిలో నుండి రాలేదు, గోదావరి నుండి వచ్చింది.

యాంప్లిఫయరు కూడా అంతే. గోడలోని ప్లగ్గు నుండి వచ్చే 230 వోల్టుల కరెంటు మన గోదావరి. ట్రాన్సిస్టర్లు తలుపులు. పాట సంకేతం తలుపు తిప్పే చేయి. పవర్ యాంప్లిఫయరు పాటను సాగదీయదు. ప్లగ్గు నుండి తీసుకున్న శక్తిని ఆ పాట ఆకారంలో స్పీకరుకు పంపుతుంది.

మరి ప్రీ యాంప్లిఫయరు? ఆ చేతికి చాలినంత బలం ఇచ్చేది, ఎంత తిప్పాలో నిర్ణయించేది అదే. ఏ పరికరం పాట వినాలో ఎంచుకునే స్విచ్చి, వాల్యూమ్, బాస్, ట్రెబుల్, బ్యాలెన్స్ నాబులు దానిలో ఉంటాయి. ప్రీ, పవర్ రెండూ ఒకే పెట్టెలో ఉంటే దానిని ఇంటిగ్రేటెడ్ యాంప్లిఫయరు అంటారు. దానికి రేడియో కూడా చేరిస్తే రిసీవరు అంటారు. ఇళ్ళలో ఎక్కువగా కనిపించేవి ఈ రెండు రకాలే.

స్పీకరు వెనక ఏం రాసి ఉంది?

బజారుకు వెళ్ళే ముందు స్పీకరు బాక్సును వెనక్కి తిప్పండి. అక్కడ అతికించిన చీటీలో మూడు అంకెలు వెతకండి.

మొదటిది ఓములు. దీనిని ఇంపీడెన్స్ అంటారు. పాట సంకేతానికి స్పీకరు చూపే అడ్డు అది. ఇంటి స్పీకర్లకు సాధారణంగా 4, 6 లేదా 8 ఓములు ఉంటుంది. చీటీ ఊడిపోతే మల్టీమీటరుతో చూడవచ్చు. మీటరు చూపేది తీగచుట్ట నిరోధం మాత్రమే కాబట్టి అసలు అంకె కంటే కొంచెం తక్కువ వస్తుంది. 8 ఓముల స్పీకరు సుమారు ఐదున్నర నుండి ఏడు వరకు, 6 ఓములది నాలుగున్నర నుండి ఐదున్నర వరకు, 4 ఓములది మూడు నుండి మూడున్నర వరకు చూపుతుంది. ముల్లు అసలు కదలకపోతే ఊఫరు కాయిల్ తెగి ఉండవచ్చు, లేదా లోపలి వైరు ఊడి ఉండవచ్చు.

ఈ అంకె ఎందుకు ముఖ్యమో లెక్క వేద్దాం. యాంప్లిఫయరు 20 వోల్టులు ఇస్తోందనుకోండి. 8 ఓముల స్పీకరులో ప్రవాహం 20ని 8తో భాగించగా రెండున్నర ఆంపియర్లు. సామర్థ్యం 50 వాట్లు. అదే 20 వోల్టులు 4 ఓముల స్పీకరుకు ఇస్తే ప్రవాహం 5 ఆంపియర్లు, సామర్థ్యం 100 వాట్లు. అంటే ఓములు తగ్గేకొద్దీ యాంప్లిఫయరు మీద బరువు పెరుగుతుంది. 8 ఓములకు మాత్రమే చేసిన యాంప్లిఫయరుకు 4 ఓముల స్పీకరు తగిలించి గట్టిగా పాడిస్తే ట్రాన్సిస్టర్లు వేడెక్కి పోతాయి. దీనికి విరుద్ధంగా, 4 ఓములకు తట్టుకునే యాంప్లిఫయరుకు 8 ఓముల స్పీకరు తగిలిస్తే ప్రమాదం లేదు, శబ్దం కొంచెం తగ్గుతుంది అంతే. కనుక స్పీకరు మీది ఓములు యాంప్లిఫయరు వెనక రాసిన కనీస ఓముల కంటే తక్కువ కాకూడదు. ఇది మొదటి నియమం.

ఒకే చానెల్‌కు రెండు 8 ఓముల స్పీకర్లను సమాంతరంగా కలిపితే మొత్తం 4 ఓములే అవుతుందని మరువకండి. కొన్ని పాత యాంప్లిఫయర్లకు ఏ, బీ అని రెండు జతల స్పీకర్లు తగిలించే స్విచ్చి ఉంటుంది. చాలా సెట్లలో రెండూ ఒకేసారి నొక్కితే జరిగేది ఇదే.

రెండవ అంకె సెన్సిటివిటీ. ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ శబ్దం వస్తుందో చెబుతుంది. ఇంటి స్పీకర్లకు సుమారు 85 నుండి 92 వరకు ఉంటుంది. దుకాణాల్లో దీని గురించి అడిగేవారు తక్కువ. కాని వాట్ల కంటే ఇదే ముఖ్యం. ఎందుకంటే శబ్దం 3 డెసిబెల్స్ పెరగాలంటే వాట్లు రెట్టింపు కావాలి. 10 డెసిబెల్స్ పెరగాలంటే పది రెట్లు కావాలి. మన చెవికి శబ్దం రెండింతలు అయినట్టు తోచేది సుమారు ఆ 10 డెసిబెల్స్ పెరిగినప్పుడే.

ఒక స్పీకరు 87, మరొకటి 90 అనుకోండి. 90 డెసిబెల్స్ స్పీకరు 25 వాట్లతో ఎంత మోగుతుందో, 87 డెసిబెల్స్ స్పీకరు అంత మోగాలంటే 50 వాట్లు కావాలి. అంటే మంచి సెన్సిటివిటీ ఉన్న స్పీకరు మీ చేతిలో ఉంటే చిన్న యాంప్లిఫయరు చాలు, డబ్బు ఆదా అవుతుంది.

మూడవ అంకె స్పీకరు తట్టుకునే వాట్లు. అది పెద్దదైనంత మాత్రాన స్పీకరు గట్టిగా మోగుతుందని కాదు. ఎంతవరకు కాలిపోకుండా ఉంటుందో చెప్పే హద్దు మాత్రమే.

వాట్ల లెక్కలో జరిగే మోసం

కొన్ని సెట్ల మీద 1000 వాట్లు, 2000 వాట్లు అని పెద్ద అక్షరాలతో రాసి, పక్కన చిన్నగా పీఎంపీఓ అని ఉంటుంది. ఈ లెక్కకు అందరూ ఒప్పుకున్న కొలత ఏదీ లేదు. ఒక్క క్షణం పాటు రాగల శిఖరాన్ని ఊహించి, అన్ని చానెళ్ళనూ కలిపి వేసిన అంకె అది. మనం చూడవలసింది ఆర్‌ఎంఎస్ వాట్లు. ఎడతెగకుండా, ఒక్కో చానెల్‌కు, ఎన్ని ఓముల మీద ఎన్ని వాట్లు అన్నదే అసలు ప్రశ్న.

దుకాణదారు మాట నమ్మాలో లేదో తేల్చడానికి మీ దగ్గర శక్తి నిత్యత్వ నియమం ఉంది. లోపలికి వెళ్ళిన దాని కంటే ఎక్కువ శక్తి బయటకు రాదు. సెట్టు వెనక కరెంటు వాడకం ఎన్ని వాట్లో రాసి ఉంటుంది. ముందు 1000 అని, వెనక 60 అని ఉంటే నిజం వెనక ఉన్నట్టే. పాత రకం ట్రాన్సిస్టరు యాంప్లిఫయర్లు లోపలికి తీసుకున్న దానిలో పూర్తి శబ్దం మీద సుమారు సగం మాత్రమే స్పీకర్లకు ఇస్తాయి. మిగిలినది వేడిగా పోతుంది. కాబట్టి 60 వాట్లు తినే సెట్టు రెండు చానెళ్ళకూ కలిపి 30 వాట్ల దగ్గర ఇస్తుంది.

అలాగని 30 వాట్లు తక్కువని చిన్నచూపు చూడకండి. ఇంటి గదిలో మామూలుగా పాట వినేటప్పుడు చాలాసేపు స్పీకరుకు వెళ్ళేది ఒక వాటు లోపే. డప్పు దెబ్బ, తబలా దెబ్బ పడినప్పుడు మాత్రం ఒక్క క్షణం పది, ఇరవై రెట్లు కావలసివస్తుంది. ఆ క్షణానికి సరిపడా నిల్వ ఉంటే చాలు.

చిన్న యాంప్లిఫయరే స్పీకరును కాలుస్తుందా?

పెద్ద యాంప్లిఫయరు తగిలిస్తే స్పీకరు కాలిపోతుందని అందరూ భయపడతారు. నిజమే, అదుపు లేకుండా పెంచితే కాలుతుంది. కాని ఇళ్ళలో ట్వీటర్లు కాలిపోవడానికి తరచుగా కారణమయ్యేది చాలీచాలని యాంప్లిఫయరును చివరిదాకా తిప్పడం.

యాంప్లిఫయరు 20 వోల్టుల వరకే ఇవ్వగలదు అనుకోండి. మనం వాల్యూమ్ ఇంకా పెంచి 30 వోల్టులు అడిగితే అది ఇవ్వలేదు. గుండ్రంగా లేచి దిగవలసిన అల 20 దగ్గర కత్తిరించినట్టు బల్లపరుపుగా అయిపోతుంది. దీనిని క్లిప్పింగ్ అంటారు. అల పూర్తిగా చదునైతే యాంప్లిఫయరు నుండి వెళ్ళే సగటు శక్తి, రాసి ఉన్న వాట్లకు దాదాపు రెట్టింపు అవుతుంది. పైగా కత్తిరించిన అలలో అసలు పాటలో లేని ఎక్కువ పౌనఃపున్యాలు పుడతాయి. అవన్నీ నేరుగా ట్వీటరుకు పోతాయి. వెంట్రుక లాంటి సన్నని తీగతో చేసిన దాని కాయిల్ ఆ వేడిని తట్టుకోలేదు.

పాట బొంగురుపోయి, చెవికి గీసుకుపోతున్నట్టు వినిపిస్తే అదే గుర్తు. వెంటనే తగ్గించాలి. స్పీకరు తట్టుకునే వాట్లకు సమానంగా, లేదా కొంచెం అటూఇటూగా నిజమైన ఆర్‌ఎంఎస్ వాట్లు ఉన్న యాంప్లిఫయరు తీసుకుని, వాల్యూమ్‌ను ఎప్పుడూ చివరిదాకా తిప్పకుండా ఉండటం రెండవ నియమం.

ప్రీ యాంప్లిఫయరు వేరుగా కావాలా?

సెకండ్ హ్యాండ్ బజారులో ఒక్కోసారి మంచి పవర్ యాంప్లిఫయరు ఒంటరిగా చవకగా దొరుకుతుంది. దానికి వాల్యూమ్ నాబ్ కూడా ఉండకపోవచ్చు. అప్పుడు ప్రీ యాంప్లిఫయరు ప్రశ్న వస్తుంది. దీనికి మూడు విషయాలు చూడాలి.

మొదటిది వోల్టేజి. ఒక పవర్ యాంప్లిఫయరు వచ్చిన సంకేతాన్ని 20 రెట్లు పెంచుతుంది అనుకుందాం. ఒక వోల్టు ఇస్తే 20 వోల్టులు వస్తాయి. అది 8 ఓముల మీద 50 వాట్లు. సీడీ ప్లేయరు గరిష్ఠంగా సుమారు 2 వోల్టులు ఇస్తుంది. అంటే బలం అవసరానికి మించే ఉంది, తగ్గించే వాల్యూమ్ ఒక్కటి ఉంటే చాలు. మొబైల్ ఫోను ఇయర్‌ఫోన్ రంధ్రం నుండి సుమారు అర వోల్టు నుండి ఒక వోల్టు వస్తుంది. అదీ చాలుతుంది. కాని రికార్డు ప్లేయరు ముల్లు నుండి వచ్చేది సుమారు 5 మిల్లీవోల్టులు మాత్రమే. దానిని 20 రెట్లు పెంచినా ఒక వోల్టులో పదో వంతు. 8 ఓముల మీద అది ఒక వాటులో వెయ్యో వంతు కంటే కొంచెమే ఎక్కువ. దోమ మోతంత. రికార్డు ప్లేయరుకు ఫోనో అని రాసిన ప్రత్యేకమైన ప్రీ యాంప్లిఫయరు తప్పనిసరి. రికార్డు చేసేటప్పుడు తగ్గించిన బాస్‌ను తిరిగి పెంచి, పెంచిన ట్రెబుల్‌ను తిరిగి తగ్గించే పని కూడా అదే చేస్తుంది. ఇదే కారణం చేత ఫోనో రంధ్రంలో మొబైల్‌ను తగిలించకూడదు. మోత భరించలేనంతగా, బొంగురుగా వస్తుంది. మొబైల్‌కు ఆక్స్, టేప్ ఇన్, ట్యూనర్, సీడీ అని రాసినవి ఏవైనా సరే.

రెండవది ఇంపీడెన్స్. ప్రీ యాంప్లిఫయరు బయటకు ఇచ్చే ఇంపీడెన్స్ కంటే పవర్ యాంప్లిఫయరు లోపలికి తీసుకునే ఇంపీడెన్స్ కనీసం పది రెట్లు ఎక్కువ ఉండాలి. ట్రాన్సిస్టరు సెట్లలో ఇది మామూలుగా సరిపోతుంది. పాత వాల్వు ప్రీ యాంప్లిఫయర్లను కొత్త పవర్ యాంప్లిఫయర్లకు కలిపేటప్పుడు మాత్రం అడిగి తెలుసుకోవాలి. సరిపోకపోతే శబ్దం తగ్గుతుంది, బాస్ పలచబడవచ్చు.

మూడవది రంధ్రాలు. కొన్ని పాత సెట్లకు ఐదు పిన్నుల గుండ్రని డిన్ రంధ్రాలు ఉంటాయి. తరువాతి వాటికి ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ రంధ్రాలు. ఒకదాని నుండి మరొకదానికి మార్చే వైరు దొరుకుతుంది, మెకానిక్ చేసి కూడా ఇస్తాడు. కాని ఆ ఖర్చును ముందే ధరలో కలుపుకుని చూడాలి.

ఇంటిగ్రేటెడ్ యాంప్లిఫయరు దొరికితే దానిలో ప్రీ ఉన్నట్టే. దాని ముందు మళ్ళీ ఇంకో ప్రీ యాంప్లిఫయరు పెట్టడం వల్ల బుస్సుమనే చప్పుడు పెరుగుతుంది తప్ప లాభం లేదు. మొదటిసారి కొనేవారికి ఇంటిగ్రేటెడ్ యాంప్లిఫయరే మేలు.

మైక్ సెట్టు యాంప్లిఫయరు ఇంటికి పనికొస్తుందా?

మన ఊళ్ళలో పాత యాంప్లిఫయరు అంటే ముందు దొరికేది మైక్ సెట్టు వాళ్ళు అమ్మేసినదే. అది గట్టిది, రిపేరు తేలిక, విడిభాగాలు దొరుకుతాయి. కాని అది చేసిన పని వేరు. పెళ్ళిలోనో, తీర్థంలోనో చాలా దూరాన కట్టిన హారన్‌ల దాకా సన్నని వైరు మీద శబ్దం పంపాలి. అందుకోసం దానిలో 70 వోల్టులు, 100 వోల్టుల లైను ఉంటుంది. ఒక్కో హారన్ దగ్గర ఆ వోల్టేజిని తగ్గించే చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెడతారు.

అలాంటి 100 వోల్టుల బిగింపుకు ఇంటి 8 ఓముల స్పీకరు తగిలిస్తే ఏమవుతుంది? వోల్టేజి వర్గాన్ని ఓములతో భాగించండి. 10000ను 8తో భాగిస్తే 1250 వాట్లు. అంత ఏ ఇంటి స్పీకరూ తట్టుకోదు, అంత ఇవ్వడం ఆ యాంప్లిఫయరుకూ సాధ్యం కాదు. స్పీకరో, యాంప్లిఫయరో, రెండూనో పోతాయి. తప్పనిసరై వాడవలసి వస్తే 4, 8, 16 ఓములు అని రాసిన బిగింపుల్లో మీ స్పీకరుకు సరిపడే దానికే తగిలించాలి. అప్పుడు కూడా సాధారణంగా అది ఒకే చానెల్, స్టీరియో కాదు. మాటకు బాగుంటుంది, పాటకు అంత బాగుండదు. మైదానంలో సభకు మైక్ సెట్టు, గదిలో పాటకు స్టీరియో. దేని పని దానిదే.

దుకాణంలో ఏం చూడాలి?

ఈ కింది వరుసలో చూస్తే పొరపాటుకు చోటు తగ్గుతుంది.

1. వెనక వోల్టేజి ఎంపిక చూడండి. విదేశాల నుండి వచ్చిన సెట్లకు 110, 127, 220, 240 అని తిప్పే మర ఉంటుంది. అది 240 మీద, లేదా 220-240 మీద ఉండాలి. జపాన్ దేశంలోనే వాడటానికి చేసినవి 100 వోల్టులవి, అమెరికావి 120 వోల్టులవి. వాటిలో ఆ మర లేకపోతే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కొనాలి. ఆ ఖర్చూ బరువూ లెక్కలోకి తీసుకోండి.

2. ఫ్యూజు చూపించమనండి. ఫ్యూజు స్థానంలో రాగి తీగ చుట్టి ఉంటే ఆ సెట్టు పదేపదే ఫ్యూజు కాల్చిందన్న మాట. వదిలేయండి.

3. మొదటిసారి సిరీస్ బోర్డు మీద పెట్టి ఆన్ చేయమనండి. ప్రతి రేడియో మెకానిక్ దగ్గర బల్బు సిరీస్‌లో ఉన్న బోర్డు ఉంటుంది. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే మంచిది. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉంది.

4. స్పీకరు తగిలించక ముందే, సెట్టును నేరుగా కరెంటుకు పెట్టి, స్పీకరు బిగింపుల దగ్గర మల్టీమీటరుతో డీసీ వోల్టేజి చూడండి. వాల్యూమ్ సున్నాలో ఉండాలి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే మంచిది. 100 దాటితే అనుమానించాలి. ఏకంగా వోల్టులలో ఉంటే ట్రాన్సిస్టరు పోయినట్టే. దానికి స్పీకరు తగిలిస్తే కాయిల్ నిమిషాల్లో కాలిపోతుంది.

5. తరువాత దుకాణంలోని పాత స్పీకరుతో వినండి. మీ స్పీకరును చివరనే తగిలించాలి. కొన్ని సెట్లలో ఆన్ చేసిన రెండు మూడు సెకన్లకు లోపల టిక్కుమని రిలే పడుతుంది. అది స్పీకరును కాపాడే ఏర్పాటు. అది ఉన్న సెట్టు మేలు.

6. పాట ఏమీ లేకుండా వాల్యూమ్ కొంచెం పెంచి చెవి దగ్గర పెట్టి వినండి. గుయ్‌మనే హమ్ గట్టిగా వస్తే ఫిల్టరు కెపాసిటర్లు ఎండిపోయి ఉండవచ్చు. నాబ్ తిప్పినప్పుడు గరగరమంటే దుమ్ము. కాంటాక్ట్ క్లీనరుతో తరచుగా పోతుంది, దానికి భయపడనక్కరలేదు. ఆ గరగర చూపించి ధర తగ్గించమని అడగవచ్చు.

7. బ్యాలెన్స్ నాబ్ పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పి రెండు చానెళ్ళూ సమానంగా ఉన్నాయా చూడండి. అరగంట పాడించి, రెండు వైపులా హీట్ సింకు వేడి సమానంగా ఉందా గమనించండి. ఒకవైపు చేయి పెట్టలేనంత వేడి, మరొకవైపు చల్లగా ఉంటే కొనకండి.

8. పాట అసలు రాకపోతే వెంటనే పాడైందనుకోకండి. ముందు టేప్ మానిటర్ బటన్ నొక్కి ఉందేమో చూడండి. కొన్ని ఇంటిగ్రేటెడ్ సెట్ల వెనక ప్రీ అవుట్, మెయిన్ ఇన్ అనే రంధ్రాలను కలిపే చిన్న లోహపు ముక్కలు ఉంటాయి. అవి ఊడిపోతే పాట రాదు. చిన్న వైరుతో కలిపితే వస్తుంది. పాడైనదని తక్కువ ధరకు పెట్టిన మంచి సెట్టు ఒక్కోసారి ఇలా దొరుకుతుంది.

9. మూత తీసి చూపిస్తే ఉబ్బిన కెపాసిటర్లు, కాలిన మచ్చలు, ఎలుక కొరికిన వైర్లు, బల్లి గుడ్లు ఉన్నాయా చూడండి. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ. తుప్పు, బూజు త్వరగా పడతాయి. ట్రాన్సిస్టర్లు మార్చి ఉంటే రెండు చానెళ్ళకూ ఒకే నంబరువి వేశారా అడగండి.

ఒక హెచ్చరిక. మూత మీరు తీయకండి. ప్లగ్గు పీకినా లోపలి పెద్ద కెపాసిటర్లలో కరెంటు కొంతసేపు నిల్వ ఉంటుంది. తెలిసిన మెకానిక్ దగ్గర ఉంటేనే తీయించండి.

స్పీకర్లనూ ఒకసారి పరీక్షించండి. ఊఫరు చుట్టూ ఉండే స్పాంజి అంచు పదిహేను, ఇరవై ఏళ్ళలో పొడిపొడిగా రాలిపోతుంది. రబ్బరు అంచు ఎక్కువ కాలం ఉంటుంది. అంచు రాలినా కాయిల్ బాగుంటే కొత్త అంచు వేయించవచ్చు.

ఒక ఉదాహరణ

ఇప్పుడు అన్నీ కలిపి చూద్దాం. పన్నెండు అడుగులకు పది అడుగుల గది. గల్ఫ్ నుండి వచ్చిన స్పీకర్లు. 6 ఓములు, 86 డెసిబెల్స్, 30 వాట్లు. దుకాణంలో నాలుగు సెట్లు ఉన్నాయి.

మొదటిది 1000 వాట్లు పీఎంపీఓ అని రాసిన సెట్టు. వెనక ఓములు లేవు, ఆర్‌ఎంఎస్ లేదు. ఏం ఇస్తుందో తెలియదు కనుక వద్దు. రెండవది 60 వాట్ల మైక్ సెట్టు. గట్టిదే, కాని ఒకే చానెల్, 6 ఓముల బిగింపు లేదు. మూడవది చానెల్‌కు 100 వాట్ల పవర్ యాంప్లిఫయరు. మంచిదే, కాని ప్రీ యాంప్లిఫయరు వేరే కొనాలి, పొరపాటున నాబ్ తిరిగితే 30 వాట్ల స్పీకరు తట్టుకోదు. నాలుగవది చానెల్‌కు 30 వాట్ల పాత ఇంటిగ్రేటెడ్ యాంప్లిఫయరు, వెనక 4 నుండి 8 ఓములు అని ఉంది, చూడటానికి నాలుగింటిలో బీదగా ఉంది.

మన స్పీకర్లకు సరిపోయేది ఆ నాలుగవదే. 86కు 30 వాట్ల వల్ల సుమారు 15 కలిసి, ఒక మీటరు దూరంలో 101 డెసిబెల్స్ వస్తుంది. ఆ గదికి అది చాలడమే కాదు, ఎక్కువ. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు ఎనిమిది గంటలకు మించి ఉంటే వినికిడి దెబ్బతినే ప్రమాదం ఉందని నిపుణులు చెబుతారు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. పక్కింట్లో పరీక్షకు చదువుకునే పిల్లలుంటారని మనకు వేరే చెప్పాలా?

ఇంకొక మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. ఈనాడు క్లాస్-డి అనే రకం చిన్న బోర్డులు కొత్తవే చవకగా వస్తున్నాయి. అరచేతిలో పట్టే బోర్డుకు 24 వోల్టుల అడాప్టరు పెడితే మన ఉదాహరణలోని స్పీకర్లను చక్కగా పాడిస్తాయి. బ్లూటూత్ కూడా ఉంటుంది. పాత సెట్టు ధర, రిపేరు, వైర్లు అన్నీ కలిపి ఆ కొత్త బోర్డు కంటే ఎక్కువైతే, రికార్డు ప్లేయరు వంటి ప్రత్యేక అవసరం లేకపోతే, పాతదాని వెంట పడవద్దు. అడాప్టరు ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో మాత్రం చూసి కొనండి. అక్కడ కూడా వాట్ల లెక్క అదే.

హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళ్ళినా, మన రాజమండ్రి బజారులో కొన్నా, అడగవలసిన ప్రశ్నలు ఇవే: స్పీకరు ఎన్ని ఓములు, ఎంత సెన్సిటివిటీ, యాంప్లిఫయరు నిజమైన వాట్లు ఎన్ని, ఎన్ని ఓముల మీద, నా పరికరం ఎన్ని వోల్టులు ఇస్తుంది. ఈ అంకెలు ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి. చొక్కా చూసి ధర చెప్పే దుకాణదారు కూడా ఆ కాగితం చూశాక మాట మారుస్తాడు. ఈ పని మీద ఆసక్తి కలిగినవారికి పదవ తరగతి తరువాత ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ మెకానిక్ కోర్సు ఉంది. పాత సామాను బాగుచేయడం వచ్చినవారికి మన ఊళ్ళలో ఇప్పటికీ పని దొరుకుతుంది.

పుస్తకంలో చదివిన ఓమ్ నియమం పరీక్షలో నాలుగు మార్కులకే కాదు, మీ అమ్మానాన్నల కష్టార్జితం వృథా కాకుండా కాపాడటానికి కూడా పనికివస్తుందని గుర్తుంచుకోండి.